మూడోసారికి అందాల్సిన చెయ్యి

ఆ ఆదివారం పొద్దున గిద్దలూరు బస్టాండు పక్కన టీ తాగుతూ కాశన్న తన బావమరిది గోవర్ధన్‌కు ఆ రోజు ఆట మరోసారి వివరించాడు. వాళ్ళది జోడీ కుస్తీ. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. రింగులో ఒక్కడే ఉండాలి. వాడు వచ్చి చెయ్యి తాకితేనే బయటివాడు తాళ్ళు దాటి లోపలికి రావాలి. ఎవరు గెలిచేదీ ముందే మాట్లాడుకున్నదే, జనాన్ని నమ్మించడమే అసలు పని.

"నేను పది నిమిషాలు తన్నులు తింటా. మూడుసార్లు నీ దిక్కు పాకుతా. రెండుసార్లు అందగూడదు. మూడోసారి చెయ్యి తగలాల. అప్పుడు నువ్వు దూకి ఇద్దర్నీ ఉతుకు."

"నాకు తెలవదా బావా? ఐదేండ్ల నుంచి ఆడుతుండాం."

తెలిసినా కాశన్న మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ముప్పై ఎనిమిదేళ్ళు, ఒక మోకాలు సగం పోయింది. ఆట చూడడానికి కర్నూలు నుంచి నిర్వాహకుడు ఆనంద్ బాబు వస్తున్నాడు. ఆయనకు నచ్చితే ఆరు నెలలు ఊరూరా ఆటలు. నచ్చకపోతే కొమరోలులో తమ్ముడి గొర్రెల వెనక నడవాల్సిందే, అదీ కుంటుకుంటూ.

మధ్యాహ్నానికి మైదానం నిండింది. ముందు వరుసలో గోవర్ధన్ తల్లి పోలమ్మ కూర్చుంది. మర్నాడు వాళ్ళ వీధిలో దేవర, అమ్మవారి జాతర. అమ్మవారి నైవేద్యాల గంప నెత్తిన ఎత్తేది గోవర్ధనే కాబట్టి తొమ్మిది రోజులుగా ఒంటిపూట తిని, చాప మీద పడుకుని నియమంగా ఉన్నాడు. ఆనంద్ బాబు వెనకెక్కడో కుర్చీ వేయించుకున్నాడు.

ఆట చక్కగా కుదిరింది. ఎదుటి జోడీలోని నంద్యాల మల్లికార్జున కాశన్నను ఎత్తి పడేశాడు. కాశన్న పాకాడు, గోవర్ధన్ చెయ్యి జానెడు దూరంలో ఉండగా మల్లికార్జున కాలు పట్టి లాగేశాడు. జనం అయ్యో అన్నారు. రెండోసారికి ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు.

మూడోసారి చెయ్యి చాచబోతుండగా పోలమ్మ ఫోను మోగింది. కాశన్న తమ్ముడి భార్యకు కొడుకు పుట్టాడట. చెవిన పడందే పురిటి మైల అంటదు. ఆ మహాతల్లి ఆ ముక్క కడుపులో దాచుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

"ఒరే గోవర్ధనా! మీ బావను ముట్టుకోవాకు! వాళ్ళకు పురుడొచ్చింది! రేపు గంప ఎత్తాలరా నువ్వు!"

గోవర్ధన్ చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

 వెనకవాళ్ళకు పోలమ్మ మాట వినబడలేదు. బావను బావమరిది వదిలేశాడన్నది మాత్రం కళ్ళారా కనబడింది. తిట్లు మొదలయ్యాయి.

"ఇయ్యరా చెయ్యి!" కాశన్న పళ్ళు కొరికాడు.

"అమ్మ చూస్తాంది బావా! పోనీ, ఈ టవలు కొస పట్టుకో."

"గుడ్డ పట్టుకున్నా మైల అంటుతాదిరా!" అని అరిచింది పోలమ్మ.

"చెయ్యి తగిలితేనే లెక్క," అన్నాడు రెఫరీ అబ్రహాము.

చెయ్యి తగిలేదాకా కొట్టమన్నారు కనుక మల్లికార్జున కొడుతూనే ఉన్నాడు. "ఇంకెంతసేపన్నా? నా రెట్టలు పీకుతుండాయి," అని చెవిలో గొణిగాడు. అప్పటికే కాశన్న మోకాలు నిజంగా మెలితిరిగింది. ఇప్పటి అరుపులు ముందు అనుకున్నవి కావు. దూరంగా ఆనంద్ బాబు లేచి నిలబడ్డాడు. పోవడానికే లేచాడనుకున్నాడు కాశన్న. ఐదేళ్ళలో ఒక్కనాడూ తప్పని చెయ్యి ఈ రోజే తప్పాలా అని కడుపు మండిపోయింది. కుంటుతూ లేచి మూలకు పోయి, గోవర్ధన్ చెంప ఛెళ్ళుమనిపించాడు.

అబ్రహాము కాసేపు ఆలోచించాడు. "చెయ్యి తగిలింది! గోవర్ధన్ లోపలికి!"

తొమ్మిది రోజుల నియమం ఒక్క దెబ్బతో పోయింది. గోవర్ధన్ ఏడుస్తూనే తాళ్ళు దాటి, ఆ మంటంతా మల్లికార్జున మీదా వాడి జోడీ మీదా తీర్చుకున్నాడు. జనం కుర్చీలెక్కి ఈలలు వేశారు. పోలమ్మ నెత్తి కొట్టుకుంది.

ఆట అయ్యాక ఆనంద్ బాబు పరుగున వచ్చి కాశన్నను కావలించుకున్నాడు. "ఏం కథ కట్టినారన్నా! వాడు చెయ్యి వెనక్కి తీసుకుంటే నాకే ఏడుపొచ్చింది. ఆరు నెలలూ మీవే. కానీ ఇంక జోడీ లేదు, మీరిద్దరూ శత్రువులు. బయట కూడా కలిసి కనపడగూడదు."

కాశన్న బావమరిది వైపు చూశాడు. చెంప మీద ఐదు వేళ్ళూ తేలి ఉన్నాయి.

"గంప మా చిన్నాయన కొడుకు ఎత్తుతాడులే బావా," అన్నాడు గోవర్ధన్. కాశన్న ఆ టవలు తడిపి అతని చెంపకు అద్దాడు.

ఆ సాయంత్రం పోలమ్మ మైలపడ్డ ఆ బద్ధశత్రువులిద్దరినీ గడప తొక్కనివ్వకుండా, వీధి వీధంతా చూస్తుండగా అరుగు మీద ఒకే పళ్ళెంలో అన్నం పెట్టింది.