పదిహేడో నంబరు ముక్కు

ఈ పాపం ముక్కుల మేస్త్రిది కాదు. అతని అత్తగారిది అసలే కాదు. పై అంతస్తులో కూర్చుని "ప్రతి సోమవారం, ఉదయం తొమ్మిది లోపల, నలభై మంది ముక్కులు" అని కాగితం మీద రాసి సంతకం పెట్టిన పెద్దమనుషులది. వాళ్ళలో ఒక్కడూ జన్మలో ఇంకొకరి ముక్కులో పుల్ల పెట్టిన వాడు కాదు, తన ముక్కులో పెట్టించుకున్న వాడూ కాదు. నలభై రాయడానికి ఏం పోయింది? నాలుగు పక్కన సున్నా చుడితే సరి. ఆ సున్నా చుట్టూ ఎంతమంది గిరగిరా తిరిగారో వినండి.

మేస్త్రి అంటే గోడలు కట్టే మేస్త్రి కాదు. జలుబు వైరస్ సోకినప్పుడు ముక్కు ఎలా తిరగబడుతుందో పరిశోధించే ల్యాబ్‌లో శాంపిళ్ళు తీసే ఉద్యోగి. దూది చుట్టిన పుల్ల ఎంత లోతుకు పోవాలో, ఎన్నిసార్లు తిప్పాలో కళ్ళు మూసుకుని చెప్పగలడు. అందుకే తోటివాళ్ళు ఆ పేరు పెట్టారు. పుల్లలు పెట్టడం వచ్చు గానీ మనుషుల్ని తేవడం ఎలా? ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఆరు నెలలపాటు ప్రతివారం ముక్కు ఇవ్వాలి. మూడు వారాలు నవ్వుతూ వస్తారు. నాలుగో వారం ఫోన్ ఎత్తరు. ఎందుకెత్తుతారు? కళ్ళలో నీళ్ళు తెప్పించుకోవడానికి పొద్దున్నే లేచి ఎవరొస్తారు?

నలభై నిండక మేస్త్రి సొంత అత్తగారి కాళ్ళావేళ్ళా పడి పదిహేడో నంబరుగా పేరు రాయించాడు. ఆవిడ నలభై ఏళ్ళు బట్టలు కుట్టి కూతుర్ని చదివించిన మనిషి. మొదటి సోమవారం పుల్ల పెడితే అల్లుడి కళ్ళద్దాలు ఎగిరిపడేలా తుమ్మింది. రెండో సోమవారం కుట్టుమిషన్ వెనక నుంచి కత్తెర చూపించింది. ఆ రోజు నుంచి తొమ్మిది వారాలుగా మేస్త్రి పొద్దున్నే స్నానాలగదిలో తలుపేసుకుని, అద్దం ముందు తన ముక్కులోనే పుల్ల తిప్పుకుని, ట్యూబు మీద "17" అని చీటీ అంటిస్తున్నాడు. ముక్కు ముక్కే కదా అనుకున్నాడు.

ఆ సోమవారం ప్రణాళిక చాలా మామూలుది. ఆరింటికి ముక్కు, ఏడింటికి ల్యాబ్. పదకొండింటికి అత్తగారికి కంటి శుక్లం ఆపరేషన్. ఆ తేదీ కోసం ఆవిడ ఏడు నెలలు ఎదురుచూసింది. సూదిలో దారం ఎక్కించలేక, పక్కింటి వాళ్ళను బతిమాలలేక, వేళ్ళతో తడిమి గుండీలు కుడుతోంది. ఇది తప్పితే మళ్ళీ నాలుగు నెలలు. మేస్త్రి భార్య సెలవు పెట్టి అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మేస్త్రి నలభై ట్యూబులు వరసగా పేర్చి యంత్రానికి అప్పగించాడు.

పదింటికి పెద్ద డాక్టరమ్మ అతన్ని పిలిచింది. పరిశోధన అంతా ఆవిడదే. కంప్యూటర్ తెర మీద ముప్పైతొమ్మిది గీతలు చాప పరిచినట్టు పడుకుంటే, ఒక్క గీత తాటిచెట్టులా లేచి నిలబడింది.

"పదిహేడు మీ అత్తగారే కదా మేస్త్రీ?"

మేస్త్రి అవునన్నాడు.

డాక్టరమ్మ ముఖం వెలిగిపోతోంది. ముక్కు లోపలి పొరకు వైరస్ తగలగానే ఆ కణాలు కేకేస్తాయని, ఆ కేక విన్న పక్క కణాలు గబగబా తలుపులు బిగించుకుంటాయని ఆవిడ వందోసారి చెప్పింది. కొందరి ముక్కు దొంగను వాకిట్లోనే పట్టేస్తుంది, గొంతుకు గానీ ఛాతీకి గానీ ఆ సంగతే తెలియదు, ఇంటి యజమాని హాయిగా నిద్రపోతుంటాడు. ఆ పని అరవై ఆరేళ్ళ ముక్కు చేసిందంటే అద్భుతం అంది. వైరస్ కొంచెమే ఉంది, ముక్కు మాత్రం ఊరంతా దద్దరిల్లేలా కేకేస్తోంది. అత్తగారికి తుమ్ము, దగ్గు ఏమైనా ఉన్నాయా అని అడిగింది. లేవన్నాడు. అది మాత్రం నిజమే.

"వైరస్ ఉన్న మనిషిని ఆపరేషన్ గదిలోకి పంపకూడదు. మీరు కంగారు పడకండి, కంటి ఆసుపత్రికి నేనే ఫోన్ చేసేశాను" అంది.

ఆ 'చేసేశాను' దగ్గర మేస్త్రి నోరు విప్పి ఉంటే కథ అక్కడితో ఆగేది. తప్పుడు శాంపిల్ ఇచ్చినవాడి ఉద్యోగం ఊడుతుందని గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. అతను ఆ గోడ వంకే చూస్తూ నిలబడ్డాడు.

అవతల ఆకుపచ్చ గౌను తొడిగి, కంట్లో చుక్కలు వేసి, బల్ల ఎక్కించబోతున్న అత్తగారిని దించేశారు. నడవా చివర ఒంటరి కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ పది అడుగుల మేర ఎవరూ రాకుండా తాడు కట్టారు. భార్య ఫోన్ చేసింది.

"ఏమండీ, అమ్మకి వైరస్ అంటున్నారు. మీ ల్యాబే చెప్పిందట. ఇందాక వెతుక్కుంటూ వచ్చి మరీ బయటికి పంపారు. అమ్మ ఏడుస్తోంది. అమ్మ ఏడవడం మీరెప్పుడైనా చూశారా?"

చూడలేదు.

ఈలోపు డాక్టరమ్మ అవసరానికి మించిన దయతో తెల్లసూట్లు వేసిన ఇద్దర్ని కంటి ఆసుపత్రికి పంపింది. వాళ్ళు తాడు దాటి వెళ్ళి, అమ్మా ఈ ఉదయం శాంపిల్ ఇచ్చాక నీరసం ఏమైనా ఉందా అని మర్యాదగా అడిగారు. ఏ శాంపిల్ అంది ఆవిడ. తన ముక్కులో పుల్ల పెట్టి రెండు నెలలు దాటిందని, ఇంకోసారి పెడితే చెయ్యి విరుస్తానని స్పష్టంగా చెప్పింది. తెల్లసూట్లు ముఖముఖాలు చూసుకున్నారు. రిజిస్టర్‌లో తొమ్మిది వారాల సంతకాలున్నాయి. ఆ సంతకాలు ఎవరు పెట్టారో వేరే చెప్పాలా? వాళ్ళు ఆవిణ్ణి ఈ రోజు ఏ వారం అని అడిగారు. ఆవిడకు ఒళ్ళు మండింది.

"ఏ వారమైతే మీకెందుకు? ఏడు నెలలు ఆగిన వారం ఇది. ముందు నా కన్ను చెయ్యండి."

వాళ్ళు కాగితం మీద రాసుకున్నారు: మతిమరుపు, చిరాకు, వారం చెప్పలేదు. వైరస్ మెదడుకు ఎక్కిందేమోనని అనుమానం. కంటి ఆసుపత్రి వెంటనే ఇంకో షరతు పెట్టింది. మెదడు డాక్టర్ చూసి ఈవిడ బుర్ర సరిగ్గానే ఉందని సర్టిఫికెట్ ఇస్తే తప్ప కొత్త తేదీ కూడా ఇవ్వరట. ఆ మొత్తం వ్యవహారంలో నిజం మాట్లాడిన ఒకే ఒక్క మనిషికి పిచ్చి ముద్ర పడింది.

ఆ కాగితం ల్యాబ్‌కు చేరింది. డాక్టరమ్మ దాన్ని చదివి వినిపిస్తుంటే మేస్త్రికి వేళ్ళతో తడిమి గుండీ కుట్టే అత్తగారి చేతులు కళ్ళముందు కదిలాయి. గోడ మీది అక్షరాలకు వీపు తిప్పాడు.

"మా అత్తయ్య బుర్ర నిక్షేపంలా ఉందమ్మా. పదిహేడు ఆవిడ కాదు, నేను. తొమ్మిది వారాలుగా నేనే. సంతకాలూ నావే. నన్ను తీసెయ్యండి, ఆవిణ్ణి మాత్రం బల్ల ఎక్కించండి."

డాక్టరమ్మ కుర్చీని రెండడుగులు వెనక్కి జరుపుకుంది. కోపంతో కాదు, వైరస్ ఉన్నది తన ఎదురుగా నిలబడ్డ మనిషికని అప్పుడు వెలిగింది. మేస్త్రికి మాస్కు పెట్టి, మూలగదిలో కూర్చోబెట్టి, కంటి ఆసుపత్రికి మళ్ళీ ఫోన్ చేసింది. అత్తగారి శాంపిల్ నిజంగా తీయాలంది. ఆవిడ ఈసారి తుమ్మలేదు, చెయ్యి విరవలేదు. కన్ను కోసం ముక్కు ఇస్తున్నానని, ఈ బాకీ అల్లుడు తీర్చుకోవాలని చెప్పి తల వెనక్కి వాల్చింది. రెండు గంటలకు ఫలితం వచ్చింది. ఆ ముక్కులో వైరస్ లేదు, కేకా లేదు, అంతా ప్రశాంతం. వైరస్ ఉన్న అల్లుడితో ఇల్లు ఒకటే కాబట్టి సాయంత్రం చిట్టచివరి బల్ల మీద ఒంటరిగా చేస్తామన్నాడు కంటి డాక్టర్. చేశాడు.

ఇక మేస్త్రి ఉద్యోగం సంగతి. డాక్టరమ్మ ఉద్వాసన కాగితం రాయడానికి కలం తీసింది. అప్పుడు మేస్త్రితో పాటు శాంపిళ్ళు తీసే నర్సమ్మ తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకుంది.

"అమ్మా, ఇరవై రెండు, ఇరవై మూడు, ముప్పై ఒకటి... అవి నావి."

డాక్టరమ్మ చేతిలో కలం ఆగింది. పోయిన నెలలో ఆ ముగ్గురి ముక్కులూ ఒకే రోజు, ఒకే ఎత్తున, అచ్చు గుద్దినట్టు ఒకేలా కేకేశాయి. మనుషులు వేరైనా ముక్కు ధర్మం ఒక్కటేనని ఆవిడ పై అంతస్తు వాళ్ళకు ఉపన్యాసం ఇచ్చి చప్పట్లు కూడా కొట్టించుకుంది. వెనకాలే ల్యాబ్ డ్రైవరు వచ్చి తొమ్మిదీ పదీ తనవన్నాడు. గేటు దగ్గరి కాపలాదారు ఐదు ట్యూబుల పేరు చెప్పాడు, అందులో ఒకటి వాళ్ళ అన్నయ్య పేరు మీద. మిగతా సిబ్బంది కూడా ఒక్కొక్కరే ఒప్పుకుని అందరి లెక్కా తేలేసరికి నలభై మంది మనుషులకు పదకొండు ముక్కులు మిగిలాయి.

"పదకొండా?" అంది డాక్టరమ్మ. కలం మూత పెట్టింది.

"పది. నలభయ్యో నంబరాయన మార్చిలో ఊరు మారిపోయాడు. అప్పట్నుంచి అది నాది. ఆరో నంబరు కూడా నాదే. రెండు పేర్లకీ ముక్కు ఒక్కటే."

ఉద్వాసన కాగితం చిరిగిపోయింది. అందర్నీ తీసేస్తే కాగితం మీద సంతకం పెట్టడానికి మనిషి ఉండడు.

మూలగదిలో ఐదు రోజులు గడిపి, ఒక్కసారీ తుమ్మకుండానే మేస్త్రి ఇంటికి వెళ్ళాడు. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని, ఎవర్నీ పిలవకుండా, ఒక్క ప్రయత్నంలో సూదిలో దారం ఎక్కించింది. తర్వాత కొత్త కన్నుతో అల్లుణ్ణి ఎగాదిగా చూసి, ముక్కుకు ఒక పక్క రంధ్రం పెద్దదైందని చెప్పింది.

ఇప్పుడు జరగాల్సింది ఇది. పుల్ల పట్టే చేతులు పెంచండి. మనుషుల్ని మీ గుమ్మానికి రప్పించుకోవడం మాని, మీరే వాళ్ళ గుమ్మానికి వెళ్ళండి. పది ముక్కులు దొరికితే పది అని రాయండి, అది సిగ్గు కాదు. అన్నిటికన్నా ముందు, నలభై కావాలని సంతకం పెట్టినవాళ్ళు వచ్చే సోమవారం పొద్దున్న ఆరింటికి వరసలో నిలబడండి.

నలభై ఒకటో ట్యూబు మీద చీటీ అంటించి మేస్త్రి ఎదురుచూస్తున్నాడు.