ప్రమాణం పూట జ్వరం

ఆ సోమవారం ఉదయం దామోదర్ అద్దం ముందు నిలబడి ప్రసంగం వల్లె వేస్తున్నాడు. దేశానికి తొలిసారి ఒక ఆదివాసీ మహిళ రాష్ట్రపతిగా ప్రమాణం చేయబోతున్న రోజది. గార్ల దగ్గరున్న ఆ ఊరి పంచాయతీ ఆఫీసులో టీవీ పెట్టించాడు. పదింటికి జనానికి ప్రమాణం చూపించి, ఆ తర్వాత మహిళాశక్తి మీద పావుగంట మాట్లాడాలని అతని ఏర్పాటు. నిజానికి ఊరికి సర్పంచ్ అతను కాదు, అతని భార్య రాజమణి. సీటు ఆడవాళ్లకు రిజర్వు కావడంతో ఆమె పేరుతో గెలిచి, మూడున్నరేళ్లుగా కుర్చీలో మాత్రం తను కూర్చుంటున్నాడు.

"నేను మానుకోట పోతున్న," అంది రాజమణి గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ. మహబూబాబాద్‌ను అక్కడ అందరూ మానుకోట అనే అంటారు.

"పో పో. చీరలు జర చూసి తీసుకో," అన్నాడు దామోదర్, అద్దంలోంచి కళ్లు తిప్పకుండా.

ఆమె చేతిసంచిలో ఉన్నది జిల్లా నుంచి వచ్చిన కాగితం. మహిళా సర్పంచులందరూ మానుకోటలో కలిసి ప్రమాణం చూడాలని, తర్వాత తలా రెండు మాటలు మాట్లాడాలని అందులో ఉంది. శనివారం పంచాయతీ కార్యదర్శి సౌమ్య దాన్ని ఇంటికి తెచ్చినప్పుడు దామోదర్ లేడు. రాజమణి రెండుసార్లు చదువుకుని దాచుకుంది. చెబితే "నువ్వెందుకు, నేను పోత" అంటాడని ఆమెకు తెలుసు. ఇంటికి తాళం వేసి బస్సెక్కింది.

తొమ్మిదిన్నరకల్లా పంచాయతీ ఆఫీసు నిండిపోయింది. తండా నుంచి బీక్యా కొత్త రుమాలు చుట్టుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు.

"మా అసొంటి ఇంట్ల పుట్టినామె ఢిల్లీల గద్దెనెక్కుతుంది. ఇగ మా తండ దిక్కు గూడ ఎవలన్న చూస్తరు," అన్నాడు.

"గద్దెనెక్కుతది, సరే. మాట ఎవలిది నడుస్తదో చూడాలె గద," అంది పక్కనున్న సాలమ్మ. అంటూ దామోదర్ కూర్చున్న కుర్చీ వైపు చూసింది.

ఇంతలో సౌమ్య ల్యాప్‌టాప్‌లో జిల్లావాళ్ల వీడియో కాల్ తెరిచి టీవీకి కలిపింది; ప్రమాణం కూడా అందులోనే చూపిస్తారట. తెర మీద జిల్లా అధికారి ఉమారాణి కనిపించింది. మానుకోట హాల్లో ఆమె హాజరు తీసుకుంటోంది. రాజమణి బస్సు ఇంకా వానగుంతల్లో పడి లేస్తూ వస్తోంది.

"మీ సర్పంచ్ రాజమణి గారు ఇంకా రాలేదు. బయల్దేరారా?" అని అడిగింది ఉమారాణి.

ఇలాంటి పిలుపు ఉందనే దామోదర్‌కు తెలియదు. మూడున్నరేళ్లలో ఒక్క మీటింగుకూ పోని భార్య, తనకు చెప్పకుండా ఆ మీటింగుకే పోయి ఉంటుందన్న ఊహే రాలేదు. చీరలు కొనడానికి పోయిందంటే పరువు పోతుంది. సౌమ్య "సార్, మేడం..." అని ఏదో చెప్పబోతే చేత్తో ఆపేశాడు.

"జరం మేడం. మంచం దిగుతలేదు."

"అయ్యో! ఈ వానలకు డెంగీ జ్వరాలు తిరుగుతున్నాయి. గార్ల నుంచి డాక్టర్‌ను ఇప్పుడే పంపిస్తాను."

"వద్దు మేడం, గోలి వేసుకున్నది..."

"మొహమాటపడకండి," అని ఆమె ఫోన్ అందుకుంది.

సాలమ్మ కూడా ఫోన్ అందుకుంది. భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసే రాజమణి తమ్ముడు యుగేందర్‌కు కలిపి, "మీ అక్కకు జరం కొడుకా, మంచం దిగుతలేదట. జిల్లా మేడమే డాక్టర్‌ను పంపుతుంది," అంది. జిల్లా మేడమే డాక్టర్‌ను పంపిందంటే ఇక ఆశ లేదనుకున్నాడు యుగేందర్. భార్యనూ, ఇద్దరు మేనత్తలనూ కారెక్కించుకుని ఏడుస్తూ బయల్దేరాడు.

కొబ్బరిబోండం పట్టుకుని సర్పంచమ్మను చూడబోయిన సాంబయ్య పరుగున తిరిగొచ్చాడు.

"ఇంటికి తాళమున్నది పటేలా! జరం మనిషిని లోపలేసి తాళమేస్తివా?"

జనమంతా దామోదర్ వైపు తిరిగారు.

"గాలి తగలొద్దన్నరు," అన్నాడు దామోదర్.

"ఎవలన్నరు? డాక్టర్ ఇంక రానేలేదు గద!"

సాంబయ్య మరో నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లి తాళం పగలగొట్టాడు. మంచం ఖాళీగా ఉంది. వంటింట్లో లేదు, దొడ్లో లేదు. ఒకరు బావిలోకి తొంగి చూశారు. ఇక్కడ టీవీలో ప్రమాణం అయిపోయి, బీక్యా లేచి నిలబడి కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొడుతుండగా సాంబయ్య వగరుస్తూ లోపలికొచ్చాడు.

"సర్పంచమ్మ లేదు! జరం మీద ఎటో పోయింది!"

"అగో, గాడున్నది!" అని సాలమ్మ టీవీ వైపు వేలు చూపించింది.

తెర మీద రాజమణి మైకు పట్టుకుని నిలబడి ఉంది. పక్కన ఉమారాణి ఆశ్చర్యంగా చూస్తోంది.

"మీకు జ్వరమని మీవారు చెప్పారే?"

రాజమణి హాల్లోని తెరలో కనిపిస్తున్న తన ఊరివాళ్లను చూసింది. కుర్చీలో బిగుసుకుపోయిన భర్తను చూసింది.

"జరం నాకు గాదు మేడం, ఆయనకు. మూడున్నరేండ్ల సంది ఉన్నది. తగ్గుతలేదు."

మానుకోట హాలూ ఊరి ఆఫీసూ ఒక్కసారే గొల్లుమన్నాయి. నవ్వులు ఆగేదాకా ఆగి రాజమణి మళ్లీ మాట్లాడింది.

"నేను సర్పంచ్‌ను. గీ మాట బయట అనుడు నాకు గిదే మొదలు. మా తండల అంగన్‌వాడీ రేకులు కారుతున్నయి. పిల్లలు గొడుగుల కింద కూసోని అన్నం తింటున్నరు. గది బాగుచేయించేదాక నేను ఊకోను."

"రాసుకున్నాను. ఈ నెలలోనే చేయిద్దాం," అంది ఉమారాణి. బీక్యా రుమాలు విప్పి గాల్లో తిప్పాడు.

అప్పుడే గార్ల నుంచి డాక్టర్ వచ్చాడు. జ్వరం ఎవరికని అడిగితే నలభై చేతులు దామోదర్‌ను చూపించాయి. బీపీ చూసి డాక్టర్ కంగారుపడ్డాడు. "మూడు రోజులు మంచం దిగొద్దు," అన్నాడు.

మధ్యాహ్నం కారు దిగి "అక్కా!" అని ఏడుస్తూ లోపలికొచ్చిన యుగేందర్‌కు మంచం మీద బావ, పక్కన జావ కలుపుతున్న అక్క కనిపించారు. తెచ్చిన బత్తాయిలు ఎవరికివ్వాలో తెలియక ఇద్దరి మధ్యా పెట్టాడు.

మర్నాడు రాజమణి ఆఫీసుకు వెళ్లి అంగన్‌వాడీ కాగితం మీద సంతకం పెట్టింది. సౌమ్య పాత కాగితాలతో పోల్చి చూసి తల గోక్కుంది. వాటి మీద రాజమణి పేరుతో సంతకాలు పెట్టింది దామోదరే.

"మేడం, ఎన్కటి సంతకాలకు కలుస్తలేదు."

"ఇగ ముంగట పెట్టేటి వాటికి కలుస్తది తియ్యి," అంది రాజమణి.

ఆ మూడు రోజుల్లో పంచాయతీకి పనులమీద ఇరవై మంది దాకా వచ్చారు. దామోదర్ ఏడని ఒక్కరూ అడగలేదు.