కళాశాలకు సదాశివ

ఆ శనివారం పొద్దున సదాశివ పెట్టుకున్న పని ఒక్కటే. చదువుకునే రోజుల్లో నడిపిన కాలేజీ పత్రిక ప్రతులు, చేతిరాత కాగితాలు, ఎడిటర్ బ్యాడ్జీ, అన్నీ పాత కాలేజీకి అప్పగించడం. అక్కడ గాజు బీరువాలో పెడతారట. దాని మీద ‘స్థాపకుడు: సదాశివ’ అని పడాలి. ఆయన ఆశ అంతే. చిక్కల్లా లాలాగూడ రాజేందర్‌తో. ఒకప్పటి ప్రాణమిత్రుడు, పత్రిక పెట్టింది తానేనని ఊరంతా చెప్పుకుంటాడు. ఆ తగవు మీదే ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. ఒకే పెళ్లి పంక్తిలో పక్కపక్కన కూర్చుని, పెరుగు గిన్నె జరపమనడానికి వడ్డించేవాడితో కబురంపుకున్న మహానుభావులు వాళ్లు.

పాత మిత్రులెవరైనా చూడటానికి వస్తారేమోనని సదాశివ ఫోన్ గ్రూపులో ఒక ముక్క పెట్టాలనుకున్నాడు. ఎడిటరు బుద్ధి ఊరుకుంటుందా? శీర్షిక పొట్టిగా ఉండాలని ‘కాగితాలు’ అన్న మాట కొట్టేశాడు. చివరికి తేలింది ఇదీ: ‘నేడు కళాశాలకు సదాశివ తరలింపు. ఆఖరిసారి చూడదలచినవారు పదింటిలోగా మారేడ్‌పల్లి ఇంటికి రాగలరు.’ కింద, పత్రిక వార్షికోత్సవంలో మెడలో దండతో దిగిన ఫొటో. పంపేసి, తలంటుకోవడానికి బాత్రూములోకి వెళ్లాడు.

దేహాన్ని మెడికల్ కాలేజీకి రాసిచ్చిన పుణ్యాత్ముడని చదివినవాళ్లు అనుకున్నారు. ఒకరు ‘ఓం శాంతి’ అన్నారు. ఆపైన ఆ గ్రూపులో అసలు ముక్క చదివి ‘ఓం శాంతి’ అనేవాళ్లెవరు? సందేశాల ధాటికి సదాశివ ఫోను వణికి వణికి బల్ల మీంచి దూకిందంటారు. నేను చూడలేదు.

రాజేందర్ ఆటో దిగి వచ్చేసరికి, హాల్లో మంచం మీద పొడవాటి మూట, దుమ్ము పడకుండా పైన తెల్ల దుప్పటి. పక్కన సదాశివ భార్య సుమిత్ర, పాత కాగితాల దుమ్ముకు కళ్లు ఎర్రబడి, ముక్కు తుడుచుకుంటూ ఉంది.

“ఎట్లయింది చెల్లె?” అన్నాడు రాజేందర్.

“ఏమున్నదన్నా. వాసనొస్తున్నదని పొద్దుగాల నేనే మూట గట్టిన. పోతే పోనీ, ఇంట్ల జెర జాగయితది.”

రాజేందర్ గోడ పట్టుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడు.

అంతలో కాగితాలు తీసుకెళ్లడానికి కాలేజీ గ్రంథాలయం నుంచి శ్రీలలిత వచ్చింది. పాత కాగితాల కోసం కన్నీరు పెట్టే మనిషిని ఆమె ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. గౌరవంగా నిలబడి, బీరువా మీద పత్రిక స్థాపకుడిగా ఎవరి పేరు రాయాలని అడిగింది.

రాజేందర్ దుప్పటి మీద చెయ్యి పెట్టాడు. “సదాశివ పేరే రాయుండ్రి మేడం. పత్రిక పెట్టింది వాడే. నేను మడతలు వెట్టిన, గంతే. గిన్నేండ్లు అబద్ధం చెప్పిన.”

లోపల సదాశివ నీళ్ల చప్పుడు ఆపాడు. విషయం అర్థమైంది. ఇంకాసేపు చచ్చి ఊరుకుంటే చాలు, జన్మ ధన్యం. కుంకుడు రసం కంట్లోకి దిగుతున్నా కిక్కురుమనలేదు.

“వాడు రాసిన ముక్కొకటి సుత రాసుకోండ్రి,” అన్నాడు రాజేందర్. “‘హాస్టల్లో పప్పు చిక్కన, వార్డెన్ ప్రసంగం పలుచన.’”

కుంకుడు రసం ఓర్చుకున్నవాడు ఇది ఓర్చుకోలేకపోయాడు. తలుపు తెరుచుకుంది. తువ్వాలు చుట్టుకుని, నెత్తిన నురగతో సదాశివ నిలబడ్డాడు.

“పప్పు పలుచన రా. ప్రసంగం చిక్కన.”

రాజేందర్ మెల్లగా వచ్చి ఆయన తడి భుజం పట్టి చూశాడు. పట్టిన చెయ్యి వదల్లేదు.

“ఉన్నవా?”

“ఉన్న.”

“అయితే మేడం, నేను చెప్పింది కొట్టేయుండ్రి. గది చచ్చినోని కోసం చెప్పిన.”

“నిజమే గదరా నువ్వు చెప్పింది.”

“నిజమే. గని బతికున్నోనికి చెప్పాల్నంటె నోరొస్తలేదు.”

శ్రీలలిత ఇద్దరినీ చూసి, కొట్టేయమన్నది కొట్టేసి, తన కళ్లతో చూసి చెవులతో విన్నంత మటుకే రాసుకుంది. ఇప్పుడా బీరువా మీద అట్ట ఇలా ఉంది: ‘స్థాపకుడు: తేలలేదు. మడతలు: రాజేందర్. దిద్దుబాట్లు: సదాశివ.’

మిత్రులిద్దరికీ మాటలు కలిశాయి. రోజూ పోట్లాడుకోవాలంటే మాటలు కావాలి కదా.