స్నేహితుడి కొలతలు

పక్కన రెండోది పెట్టి చూడకుండా ఏ వస్తువూ కొనకూడదన్నది వారంటీ సిద్ధాంతం. ఫ్రిజ్‌లూ మిక్సీలూ అమ్మే షాపులో, కొనేవాళ్లకు రెండేసి పక్కపక్కన పెట్టి చూపించడమే ఆయన పని. తల్లి పెట్టిన పేరు వేరే ఉన్నా షాపులోవాళ్లు, వీధిలోవాళ్లు, ఆఖరికి అత్తగారు కూడా వారంటీ అనే పిలుస్తారు.

జీవితంలో ఒక్క పెళ్లి విషయంలోనే ఆయన పోల్చి చూసుకోలేదు. చూసిన మొదటిమనిషికే తలూపేశాడు. ఆ తొందరపాటుకు ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా చింతించలేదు.

అలాంటి మనిషికి కొన్నాళ్లుగా పడకగదిలో కరెంటు సరిగా అందడం లేదు. ఒకటి రెండుసార్లు పరువు పోయాక, నడుంనొప్పి అని చెప్పి దిండు చంకన పెట్టుకుని ముందుగదిలో సోఫా మీదికి మకాం మార్చాడు. సోఫా పొట్టి, ఆయన పొడుగు. దాంతో లేని నడుంనొప్పి కాస్తా నిజంగానే పట్టుకుంది.

భార్య ఇంట్లోనే చొక్కాలు కుడుతుంది. మెడలో కొలతల టేపు, పెదాల మధ్య గుండుసూది ఎప్పుడూ ఉంటాయి. మొగుడు సోఫా ఎక్కితే ఆవిడ ఒక్కమాట అనలేదు. ఆ అనకపోవడమే వారంటీని తినేస్తోంది. తనంటే మొగుడికి మోజు తీరిందని అనుకుంటోందేమోనని భయం. అసలు సంగతి చెప్పాలంటే అంతకన్నా భయం.

చివరికి గుండె చిక్కబట్టుకుని మందుల షాపుకు వెళ్లాడు.

"మా స్నేహితుడికండీ," అన్నాడు గొంతు తగ్గించి.

షాపాయన ఇలాంటి స్నేహితుల్ని చాలామందిని చూసినట్టున్నాడు. "రెండురకాలున్నాయి. ఒకటి నాలుగైదు గంటలు పనిచేస్తుంది, కడుపునిండా తిని వేసుకుంటే ఆలస్యమవుతుంది. ఇంకోటి ఒకటిన్నర రోజు."

"రెండిట్లో ఏది మంచి మోడలు?"

"అది డాక్టరు చెప్పాలి. చీటీ లేందే ఇవ్వను. గుండెనొప్పికి మాత్రలు వాడేవాళ్లు వీటిని వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మీ స్నేహితుణ్ణి డాక్టరుకు చూపించుకోమనండి."

"వెళ్లడండీ. మహా మొహమాటస్తుడు."

వారంటీకి ఇంకో అలవాటుంది. భార్యనడక్కుండా చొక్కా గుండీ కూడా కొనడు. ఆ అలవాటే ఆయన కొంప ముంచింది.

"ఏమే, మా స్నేహితుడొకడున్నాడు," అన్నాడు ఇంటికొచ్చి.

"ఉండనివ్వండి."

"పాపం, వాడికో ఇబ్బంది. భార్య దగ్గర... అంటే... స్విచ్చి వేస్తే బల్బు వెలగట్లేదుట."

కుట్టుమిషను ఆగింది. "నాకు తెలీని స్నేహితుడు మీకెక్కణ్ణుంచి వచ్చాడు?"

"కొత్తవాడు."

"కొత్తగా వచ్చి అప్పుడే బల్బుదాకా చెప్పేశాడా?"

వారంటీ ఆ మాట విననట్టు నటించి, షాపులో కొనడానికొచ్చినవాళ్లకు చెప్పినంత ఉత్సాహంగా మొదలెట్టాడు. "మాత్రలు రెండురకాలే. ఒకటి గీజరులాంటిది, ముందే ఆన్ చేసి పెట్టుకోవాలి. రెండోది ఫ్రిజ్‌లాంటిది, ఒకటిన్నర రోజు ఆన్‌లోనే ఉంటుంది."

"అమ్మో, పాపం ఆవిడ వంటెప్పుడు చేసుకోవాలి?"

"నవ్వులాటకాదు. ఏది కొనమంటావ్?"

"ముందు భార్యకి చెప్పాడా?"

"ఛ, చెప్తే పరువేముంటుంది? నడుంనొప్పని చెప్పి సోఫా మీద..." వారంటీ నాలిక కరుచుకున్నాడు.

ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. సూదిలో దారం ఎక్కిస్తూ, "ఆదివారం భోజనానికి పిలవండి. మనిషిని చూడకుండా కొలత చెప్పలేను," అంది.

ఇక స్నేహితుణ్ణి పుట్టించక తప్పలేదు. షాపు వ్యాను నడిపే రివర్సును బతిమాలుకున్నాడు. బండి వెనక్కి తీసినప్పుడల్లా ఎక్కడో ఒకచోట గుద్దుతాడు కాబట్టి వాడికా పేరు. "వచ్చి కడుపునిండా తిను. మా ఆవిడ ఏమడిగినా అవునను," అన్నాడు.

ఆదివారం రివర్సు రానే వచ్చాడు. "భోజనం అన్నారుగా సార్, మా ఆవిణ్ణీ తీసుకొచ్చా," అన్నాడు. ఆవిడ చంకలో ఒక పిల్లాడు. కడుపులో ఇంకొకడు, నేడో రేపో అన్నట్టున్నాడు.

వారంటీ వాళ్లను గుమ్మంలోంచే వెనక్కి పంపేద్దామని చూశాడు. భార్య మాత్రం చక్కగా వడ్డిస్తూ, "తమ్ముడూ, నీకేదో కరెంటు సమస్యట కదా?" అని అడిగింది.

"అవునండీ," అన్నాడు రివర్సు.

"పడకగదిలోనేనట?"

"అవునండీ."

రివర్సు పెళ్లాం చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏం సమస్య వదినా?"

"ఏం లేదమ్మా, శక్తి తగ్గిందని మాత్రలు వెతుకుతున్నాడట."

"తగ్గిందా!" ఆ పిల్ల తన కడుపు వైపు ఒకసారి, చంకలోవాడి వైపు ఒకసారి చూసుకుంది. "ఇంకా మాత్రలు కూడానా! వదినా, నేనేమైపోవాలి?"

"నాకేం తెలీదే! ఏమడిగినా అవుననమన్నారు సార్," అని రివర్సు చేతులెత్తేశాడు.

భోజనాలయ్యి వాళ్లు వెళ్లిపోయాక వారంటీ తల వంచుకుని, ఎన్నడూ లేనిది, కంచాలు కడగడం మొదలెట్టాడు. భార్య వచ్చి పక్కన నిలబడింది.

"పొట్ట పెరిగినవాళ్లు నా దగ్గరికొచ్చి, మా తమ్ముడికి కాస్త వదులుగా కుట్టమ్మా అంటారు. ఎవరి తమ్ముడో నాకు తెలీదూ?"

"మరి మొదటిరోజే అనొచ్చుగా?"

"సోఫా ఎక్కిన రోజే మీరు చెప్పొచ్చుగా? నేనేమనుకున్నానో తెలుసా? ముసలిదాన్నయిపోయాననుకున్నా. ఎవరితోనో పోల్చి చూసుకున్నారనుకున్నా. రోజూ అద్దంలో చూసుకుని, ఎక్కడ తగ్గానా అని వెతుక్కున్నాను."

వారంటీ కంచం పక్కన పెట్టేశాడు. "పిచ్చిదానా! పోల్చకుండా తెచ్చుకున్నది నిన్నొక్కదాన్నేనే. నీ దగ్గర తక్కువైపోతానని నాకు భయమేసింది."

ఆవిడ కొంగుతో ఆయన తడిచేతులు తుడిచింది. "రేపు డాక్టరు దగ్గరికెళ్తున్నాం, ఇద్దరం. నిన్ననే వెళ్లి పేరు రాయించి వచ్చాను."

"ఎవరి పేరు?"

"మీ స్నేహితుడి పేరే. మీ అమ్మగారు పెట్టింది."

వారంటీకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మొహం దాచుకోవడానికి ముందుగదిలోకి వెళ్లి కాసేపు నడుం వాలుద్దామనుకున్నాడు. సోఫా మీద మెత్తల్లేవు. చెక్కలు బయటపడి ఉన్నాయి, ఆయన దిండొక్కటే దాని మీద ఒంటరిగా ఉంది.

"మెత్తలేవే?"

"కొత్త కవర్లు కుడుతున్నా."

"ఎప్పటికవుతాయి?"

"తొందరేముంది? మాత్రలు పనిచేసినా చెయ్యకపోయినా మీరు పడుకునేది లోపలే."

వారంటీ దిండు చంకన పెట్టుకుని పడకగదిలోకి నడిచాడు. మంచం మీద ఆవిడ దిండు పక్కన తన దిండు పెట్టి, రెండిటినీ నొక్కి చూశాడు.

"ఏమే, నీదే మెత్తగా ఉన్నట్టుందే..."

"పోల్చింది చాలుగానీ, పడుకోండి," అంది ఆవిడ.