రోగం మల్లికది, చిగుళ్లు నర్సింగ్‌వి

బహ్రెయిన్‌లో మనవాళ్లు నలుగురు కూడినచోట పండ్ల నర్సింగ్ పేరు వినగానే, జిదాఫ్స్ మార్కెట్లో అరటిపండ్లు అమ్ముకునే మనిషి కాబోలు అనుకునేవారు కొత్తవాళ్లు. కాదు. ఆ పండ్లు ఆయన నోట్లోవి. నర్సింగ్ సల్మాబాద్‌లో ఒక గ్యారేజీకి ఫోర్‌మన్. కూల్‌డ్రింక్ సీసా మూత పంటితో లేపేవాడు. కరెంటు వైరు పంటితో ఒలిచేవాడు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు కనిపిస్తే, "మీ నోట్లె ఉన్నయి పండ్లా, మురమురాలా?" అని నవ్వేవాడు.

అలాంటివాడు 2005లో ఒక రోజు పొద్దున పళ్లు తోముకుని ఉమ్మితే, బేసిన్‌లో నురగ గులాబీ రంగులో కనిపించింది.

నర్సింగ్‌కు భయం కంటే ముందు కుతూహలం పుట్టింది. ఇంజిన్ అడుగున నూనె ఎక్కడ కారుతోందో చూడటానికి గ్యారేజీలో పొడుగు కాడ ఉన్న చిన్న అద్దం ఒకటి ఉండేది. సాయంత్రం దాన్ని ఇంటికి తెచ్చి నోట్లో పెట్టుకుని చూశాడు. పళ్ల మొదళ్ల దగ్గర చిగుళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. వేలు తగిలితే నెత్తురు. కింది పళ్ల వెనక పసుపుపచ్చని పెచ్చు. లీకేజీ ఎక్కడో తెలిసింది కానీ, ఎందుకో తెలియలేదు. తెలియాలంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వెళితే సల్మాబాద్ అంతా నవ్వుతుంది. పైగా ఆయనకు సూది అంటే వణుకు.

అలాగని ఊరుకోవడానికీ లేదు. ఈమధ్య దగ్గరికొచ్చి మాట్లాడితే భార్య మల్లిక మొహం పక్కకు తిప్పుకుంటోంది. ఆ సంగతి ఆయన మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

"ఏమయ్యా, బేసిన్ల గా ఎర్రదేంది?" అంటూ మల్లిక లోపలికొచ్చింది.

నర్సింగ్ అద్దాన్ని చటుక్కున వెనక దాచాడు. దానితోపాటే ఒక ఉపాయం తట్టింది.

"నేను గదే అడుగుదామనుకుంటున్న. నీ చిగుళ్లల్లకెళ్లి నెత్తురు కారుతున్నది మల్లికా."

"నాకా?"

"మరి ఇంట్ల ఉన్నది ఇద్దరమేనాయె. నాకైతే కాదు."

మల్లిక తన పళ్లు చూసుకుంది. తన బ్రష్ చూసుకుంది. ఆయన బ్రష్ కూడా చూసింది. ఆయన మొహాన్ని ఇంకాస్త ఎక్కువసేపు చూసింది.

"అవునయ్యా, నాకే ఏందో అయినట్టున్నది. దవాఖానకు పోదాం" అంది మెల్లగా.

ఉపాయం ఇంత తొందరగా పారేసరికి నర్సింగ్‌కు తన తెలివి మీద తనకే గౌరవం పెరిగింది.

మనామాలో పంటి డాక్టరు లోవమ్మగారిది కాకినాడ వైపు. మల్లికను కుర్చీలో కూర్చోబెట్టి, "రక్తం ఎప్పుడొస్తోందమ్మా?" అని అడిగింది.

"బ్రష్ చేసినప్పుడు, ఆపిల్ కొరికినప్పుడు" అన్నాడు నర్సింగ్.

"నొప్పుందా?"

"లేదు. జర దురద."

"ఆవిడ దురద మీకెలా తెలుసండీ?"

"మొగుడు పెండ్లాలం గద డాక్టరమ్మా. ఆమెకు దురదపెడితే నాకు తెల్వదా?"

లోవమ్మగారు మల్లిక నోరంతా చూసింది. తర్వాత నర్సింగ్ వైపు తిరిగి, చెప్పవలసిందంతా ఆయనకే చెప్పింది. చిగుళ్ల అంచున పాచి చేరుతుంది. రోజూ తీసేయకపోతే అది గట్టిపడి గార అవుతుంది. అప్పుడు చిగుళ్లు ఉబ్బి రక్తం కారుతుంది.

"ఇంకా మొదట్లోనే ఉంటే పూర్తిగా నయమైపోతుందండీ. వదిలేస్తే లోపల ఎముక అరిగి పళ్లు కదులుతాయి. అరిగిన ఎముక తిరిగి రాదు."

నర్సింగ్ నాలుక దానంతటదే ముందు పళ్లను తోసి చూసుకుంది.

"మెత్తటి బ్రష్‌తో చిగుళ్ల అంచున నెమ్మదిగా రెండుపూటలా తోమాలి. పళ్ల సందుల్లో ఈ దారం ఆడించాలి. మొదట్లో రక్తం వచ్చినా మానకూడదు. సిగరెట్ వద్దు. గార మాత్రం నేనే తీయాలి, వచ్చే వారం రండి."

"ఈమె సిగరెట్ తాగది గద?"

"ఇంట్లో ఇంకెవరైనా తాగుతుంటే వాళ్లకు చెప్పండి" అందావిడ.

లిఫ్టు దిగాక మల్లిక బరువుగా నిట్టూర్చింది. "నువ్వు ముందు నడిస్తివి. డాక్టరమ్మ నాతోని ఇంకోటి చెప్పింది. పొయ్యి సెగ చిగుళ్లకు మంచిది గాదట. నయమయ్యేదాంక నేను స్టవ్ కాడ నిలవడొద్దట."

సరేనన్నాడు నర్సింగ్. రోగం ఆమెదని తేల్చింది తనే కదా!

ఆ రోజునుంచి వంట నర్సింగ్‌ది. మొదటి రోజు అన్నం అడుగున మాడింది, పైన పలుకుగా మిగిలింది. ఇద్దరూ మధ్యలోది తిన్నారు. ఆయన సిగరెట్లు కిటికీలోంచి కిందికి వెళ్లిపోయాయి, "నా చిగుళ్లకు పొగ పడదట" అనే మల్లిక మాటతో.

"నాకు దారం వేసుడు రాదు. ముందు నువ్వు వేసుకొని చూపియ్యి" అనేది మల్లిక.

ఆయన చూపించాడు. దారం ఎర్రబడింది.

"ఇదేందయ్యా?"

"రంగు దారమిచ్చిన్రు."

బ్రష్ చేయడం కూడా ఆయనే చూపించాలి. "గట్ల గాదు. ఇంజిన్ కడుగుతున్నవా? మెల్లగ" అని ఆమె పక్కన నిలబడి దిద్దేది. వారం తిరిగేసరికి ఆయన నోట్లో నెత్తురు బాగా తగ్గింది. మల్లిక దగ్గరగా కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. ఇన్నాళ్లుగా తోడున్న దురద ఎటుపోయిందా అని నర్సింగ్ నాలుకతో వెతుక్కున్నాడు.

కానీ గార అలాగే ఉంది. డాక్టరు పిలిచింది మల్లికను. మరి తన గార ఎవరు తీయాలి? తనే తీసుకుందామనుకున్నాడు. గ్యారేజీలో చేపల గాలానికి కట్టే నైలాన్ తీగ దొరికింది. దారం కంటే గట్టిది కదా అని వెనక పళ్ల సందులోకి బలంగా దించాడు. దిగింది. మళ్లీ రాలేదు. రెండు కొసలూ నోటి బయట పిల్లి మీసాల్లా వేలాడాయి.

అదే సమయానికి పొరుగు ఫ్లాట్‌లో ఉండే హైదరాబాదీ డ్రైవర్ ముబషిర్ వ్యాన్ రిపేరుకు తెచ్చాడు.

"అరే భాయ్, గిదేంది? ఆగు, నేను తీస్త. యల్లా!" అని పటకారు పట్టి లాగాడు. తీగ రాలేదు. నర్సింగ్ మొత్తం వచ్చాడు.

ఇక లాభం లేదని ముబషిర్ ఆయన్ని వ్యాన్‌లో వేసుకుని క్లినిక్‌కు పట్టుకుపోయాడు. గార తీయించుకోవాల్సిన రోజు కాబట్టి మల్లిక అప్పటికే అక్కడుంది.

లోవమ్మగారు తీగ కొసలను చూసి, "ఇదేంటండీ?" అంది.

"నా చిగుళ్లే డాక్టరమ్మా. ఇయ్యాల ఆయన నోట్లె వచ్చినయి" అంది మల్లిక.

నర్సింగ్ కుర్చీ ఎక్కాడు. తీగ ముక్కలుగా బయటికొచ్చింది. వెంటనే గార తీయడం మొదలైంది. సూది లేదు, పెద్ద నొప్పీ లేదు. నీళ్లు చిమ్ముతూ సన్నగా గ్రైండర్ మోత, పెచ్చులు రాలుతున్న చప్పుడు. నిజానికి ఆయనకు సరదాగానే ఉంది.

"డాక్టరమ్మా, నేను మళ్ల ఎప్పటిసంది పొయ్యి కాడ నిలవడొచ్చు?" అని అప్పుడే అడిగింది మల్లిక.

"పొయ్యికీ చిగుళ్లకీ సంబంధమేంటమ్మా? నేనెప్పుడు వద్దన్నాను?"

"ఆఁ! ఆఁ!" అని అరిచాడు నర్సింగ్.

"కదలకండి. నొప్పిగా ఉందా?"

"నొప్పే డాక్టరమ్మా, కని పండ్లల్ల గాదు" అంది మల్లిక. తర్వాత ఆయన మీదికి వంగి గొంతు తగ్గించింది. "ఎర్రగైన బ్రష్ ఎవరిదో నాకు కండ్లు లేవా? రోగం నీదంటే నువ్వు ఈ మెట్లెక్కుదువా? గందుకే నేనే తీసుకున్న."

నోటినిండా గొట్టాలున్నాయి కాబట్టి నర్సింగ్ కళ్లతోనే ఒప్పుకున్నాడు.

కొన్ని వారాలు గడిచాక ముబషిర్ వ్యాన్‌లోనే మళ్లీ వచ్చారు. లోవమ్మగారు ప్రతి పంటి చుట్టూ సన్నటి కడ్డీతో తడిమి చూసింది. చుక్క రక్తం రాలేదు. చిగుళ్లు లేత రంగుకు తిరిగి పళ్లను బిగువుగా పట్టుకున్నాయి.

"నయమైందండీ. తోమడం మానారంటే మాత్రం మళ్లీ మొదలవుతుంది" అంది.

నర్సింగ్ బయట కూర్చున్న మల్లిక, ముబషిర్‌ల దగ్గరికి పరుగున వచ్చాడు. "మల్లికా, నీ చిగుళ్లు..." అని ఆగి, ముబషిర్ వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు. "నా చిగుళ్లు మంచిగైనయే."

"గట్టిగ చెప్పు. అన్నకు ఇనవడలె."

"నా చిగుళ్లే! రోగం నాదే!" అన్నాడు నర్సింగ్. అక్కడున్న వాళ్లందరికీ వినపడింది.

ముబషిర్ నవ్వలేదు. చెంప మీద చెయ్యి వేసుకున్నాడు. "మల్లికమ్మా, డాక్టరమ్మకు మా ఇంటామె రుమానాను గూడ చూపియ్యాలె. బ్రష్ చేస్తే చాలు, పాపం, నెత్తురొస్తున్నది."

"చూపిద్దాం అన్నా" అంది మల్లిక. "ముందుగాల నువ్వు నోరు తెరువు."