సంచిలో పిల్లి, పక్కన పెరుగన్నం

రెండో శనివారం. బడికి సెలవు. ఆ రోజు మహిమ టీచరు పెట్టుకున్న పని ఒక్కటే. పెంపుడు పిల్లి చుక్కిని కర్నూలు తీసుకుపోయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, పొద్దుగూకే లోపల డోన్ చేరుకోవాలి. పని చిన్నదే గానీ ఆ రోజు తప్పితే కుదరదు. పిల్లులకు ఆ ఆపరేషన్ చేసే శివాని డాక్టరమ్మకు నెలలు నిండాయి, మరునాటి నుంచి ఆమె కాన్పు సెలవు మీద పోతోంది. ఇక్కడ చూస్తే ఇంటి ఓనరు నరసింహారెడ్డి కత్తి నూరుకుని కూర్చున్నాడు.

ఉగాదికి ముందు మెట్ల కింద నాలుగు పిల్లి కూనలు కనిపించాయి. అంతే, వేరుశనగల బేరం మధ్యలో వదిలేసి, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాతో రెడ్డి పైపోర్షనుకు ఎక్కి వచ్చాడు.

"చూడు టీచరమ్మా. ఇంగొక్కసారి ఈ కాంపౌండులో పిల్లి ఈనిందంటే, అది ఎవురి పిల్లయితే వాళ్ళు ఇల్లు ఖాళీ చేయాల్సిందే. నా మాటకు తిరుగుండదు."

"అవి చుక్కివి కాదు సార్. అది గడప దాటదు. దానికి కడుపొస్తే నాకు తెలీదా?" అని మహిమ మొత్తుకుంది.

రెడ్డి వినిపించుకోలేదు. ఆ వీధిలో పేరు పెట్టి పిలిచే పిల్లులు మహిమ ఇంట్లోవే. గుండు అనే మగపిల్లికి కిందటేడే ఆపరేషన్ అయిపోయింది. కాబట్టి ఎవరింట్లో పాలు ఒలికినా, ఎవరి పెరట్లో పిల్లి ఈనినా నేరం చుక్కి మీదికే వచ్చేది. ఆ నాలుగు కూనలూ మర్నాటికి కనిపించలేదు. ఏమయ్యాయని అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. ఇల్లు మారదామా అంటే, పిల్లులున్నాయంటే ఒకరు ఇవ్వరు, చర్చికి పోతారంటే ఇంకొకరు ఇవ్వరు. మహిమకు ఒళ్ళు మండిపోయింది గానీ, మండి చేసేదేముంది? ఆపరేషన్ చేయించేస్తే రెడ్డి నోరు మూతపడుతుందని తేల్చుకుంది.

రాత్రి నుంచి చుక్కికి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టలేదు. మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కూరగాయల ప్లాస్టిక్ బుట్టలో తువ్వాలు పరిచి, చుక్కిని కూర్చోబెట్టి, పైన ఇంకో బుట్ట బోర్లించి తాడుతో కట్టింది. దాన్ని తెచ్చి వాకిట్లో దించే సరికి ఎదురింటి తిరుపతమ్మ ముగ్గు గిన్నెతో సహా దగ్గరకొచ్చింది.

"ఏం మహిమా, యాడికి తీస్కపోతాండావు దీన్ని?"

ఇక్కడే మహిమ తప్పు చేసింది. ఆపరేషన్ అని చెప్పవలసింది. కానీ గుండుకు చేయించినప్పుడు, నోరులేని జీవాన్ని కోయించినావు, నీకు పుట్టగతులుండవని తిరుపతమ్మ నెల రోజులు సాధించింది. ఆ పురాణం మళ్ళీ వినే ఓపిక లేక, "కర్నూలుకు పెద్దమ్మా" అని ఊరుకుంది.

"మంచి పని చేసినావు తల్లీ" అంది తిరుపతమ్మ. ఆ ముఖం వెలిగిపోయింది.

ఆ వెలుగు ఎందుకో తెలియాలంటే ఆ వీధి పద్ధతి ఒకటి చెప్పాలి. అక్కడ పిల్లిని చంపరు. చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలి. అందుకని సంచిలో కట్టి, రైలు పట్టాల అవతల వదిలి వస్తారు. వదిలే ముందు పెరుగన్నం పెడతారు, ఆకలితో పంపిన పాపం అంటకూడదు కదా. వేరేవాళ్ళ చేత వదిలిస్తే ఆ మిగిలిన పాపం కూడా మనది కాదు. చేతులు కడుక్కుని దేవుడి పటానికి దండం పెట్టుకోవచ్చు. ఆ సంచులు విప్పిన చోట ఏం జరిగేదో పట్టాల అవతలి కుక్కలకు తెలుసు.

మహిమ ఫోను పైన మరిచిపోయింది. బుట్ట వాకిట్లోనే పెట్టి పైకి పోయింది. భర్త యేసుప్రసాద్ గూడ్సు రైలు గార్డు, రాత్రి డ్యూటీ దిగి వచ్చి గుర్రు పెడుతున్నాడు. "ఆటోకు చెప్పమంటే చెప్పకుండా పండుకున్యావేమప్పా" అని అతన్ని లేపి, తిట్టి, ఫోను వెతుక్కుని కిందికి వచ్చే సరికి తిరుపతమ్మ కేకేసి పిలిచిన చిన్న ఈరన్న ఆటో వచ్చి నిలబడి ఉంది. బుట్ట వెనక సీటు మీదుంది. దాని పక్కన కదులుతున్న గోనెసంచి ఒకటి ఉంది. తిరుపతమ్మ కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది.

"ఏంది పెద్దమ్మా ఈ సంచి?"

"మా ఇంట్లో పిల్లలు మూడు తల్లీ. నీదాంతో పాటు వదిలేసిరా. కర్నూలైతే తిరిగి రాల్యావు."

మహిమకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆగలేదు.

"నేను వదలడానికి పోతాండానని ఎవురు చెప్పినారు నీకు? దానికి ఆపరేషన్ చేయించేకి పోతాండా. పాలు పోసి పెంచుకున్యావు, ముద్దు చేసినావు, ఈనినాక సంచిలో కడతావా? నీ కండ్లెదుట పుట్టిన బిడ్డలు కదా అవి."

"అట్లంటే ఎట్ల? మా చేత్తో వదిల్తే మాకు పాపం. మీకేముంది, ఆదివారం పొద్దున ప్రార్థన చేసుకుంటే పోతాదంట కదా."

"అట్ల పోయేదుంటే మొదట నిన్ను తీస్కపోయి కూర్చోబెడ్తా."

ఆ అరుపులకు వీధి లేచింది. కోపంలో మహిమ అన్నదేదీ ఎవరి చెవికీ ఎక్కలేదు, ఎక్కింది కర్నూలు ఒక్కటే. టీచరమ్మ పిల్లులను కర్నూలుకు తోలుకుపోతోందన్న మాట మూల మలుపు దాటింది. టిఫిన్ అంగడి ఓబుళేశు అట్టపెట్టెకు తాడు బిగించుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. లోపల రెండు పెద్ద పిల్లులు ఒకదాన్నొకటి రక్కుకుంటున్నాయి.

"టీచరమ్మా, ఇవి కూడా. ఇడ్లీ పిండిలో మూతి పెడతాండాయి."

"నేను తీస్కపోను ఓబుళేశన్నా."

"సరేమ్మా, నేనే పట్టాల అవతల వదుల్తాలే" అని అతను వెనక్కి తిరిగాడు.

మహిమ ఆ పెట్టెను లాక్కుంది. లాక్కోక ఏం చేస్తుంది? పంపేస్తే కుక్కల పాలు, పట్టుకుంటే తన నెత్తిన. అది చూసి, టీచరమ్మ ముందు వద్దంటాది, తర్వాత తీసుకుంటాదని మిగిలిన వాళ్ళకు ధైర్యం వచ్చింది. మరో రెండు సంచులు వచ్చాయి. ఒకరు టెంకాయ కూడా ఇచ్చారు. చిన్న ఈరన్న సంచులన్నీ దించి కింద పెట్టి, "ఇన్ని పిల్లులెక్కితే నా బండికి కలిసిరాదు టీచరమ్మా" అని ఆటోను తిప్పుకుని పోయాడు.

అప్పుడు నరసింహారెడ్డి గేటు తీసుకుని బయటికి వచ్చాడు. వాకిట్లో సంచులు చూశాడు. ఆ ఇంట్లో అద్దెకు దిగినప్పటి నుంచి మహిమ అతని నవ్వు చూడడం అదే మొదలు.

"శానా సంతోషం టీచరమ్మా. నువ్వు ఇంత దూరం ఆలోచన చేస్తావనుకోలేదు. ఆటో ఎందుకు, మా బొలెరో తీస్కపో. ఒరే ప్రవీణ్, అమ్మను కర్నూలుకు తీస్కపో. అన్నీ ఆడ దించేంత వరకు ఉండి రా."

"సార్, నేను వీటిని వదలడంలేదు. ఆపరేషన్‌కు..."

"ఏదో ఒకటి చేయమ్మా. మళ్ళీ ఈడ కనపడకూడదు."

టైము చూస్తే డాక్టరమ్మ చెప్పిన వేళ దగ్గరపడుతోంది. మహిమ పళ్ళు నూరుకుని బొలెరో ఎక్కింది. ఆఖరి నిమిషంలో డ్రైవరు ప్రవీణ్ వేరుశనగల గోతాం ఒకటి తెచ్చి వెనకాల పెట్టాడు. అది కూడా కదిలింది. వీధి వీధంతా నిలబడి, కాశీకి పోయేవాళ్ళను సాగనంపినట్టు సాగనంపింది. వెల్దుర్తి దాటే దాకా మహిమ ఆ మనుషులను పేరుపేరునా తిడుతూనే ఉంది. వెనక తొమ్మిది పిల్లులు దానికి వంత పాడాయి.

క్లినిక్‌లో శివాని డాక్టరమ్మ నడుము పట్టుకుని లేచి, వరసగా దిగుతున్న సంచుల వంక చూసింది.

"ఒక పిల్లి అన్నారు కదా టీచర్?"

"ఒకటే మేడం. మిగతావి మా వీధి పాపం."

డాక్టరమ్మ చుక్కిని బల్ల మీదికి తీసుకుని మూతి వైపు వంగి చూసింది. "రాత్రి నుంచి ఏమీ పెట్టలేదన్నారు?"

"నీళ్ళు తప్ప ఏమీ పెట్టలా."

"మరి ఈ మెతుకులేంది?"

బుట్టలో తువ్వాలు ఎత్తి చూస్తే పెరుగన్నం. ఆవాలు, కరివేపాకు వేసి తిరగమోత పెట్టిన పెరుగన్నం. బుట్ట సందుల్లోంచి పిడికెడు పిడికెడుగా తోసినట్టు తెలుస్తోంది. చుక్కి పొట్ట గుండ్రంగా ఉంది, మూతి నాక్కుంటోంది. తిరుపతమ్మ కొళాయి దగ్గర చేతులెందుకు కడుక్కుందో మహిమకు అప్పుడు తెలిసింది.

"ఇప్పుడు మత్తిస్తే వాంతి చేసుకుని ఊపిరాడక పోతాది. నేను చేయలేను టీచర్. రేపటి నుంచి నేనుండను" అంది డాక్టరమ్మ.

మహిమ బెంచీ మీద కూలబడింది. కోపానికి కళ్ళవెంట నీళ్ళు కారాయి. పుణ్యం కోసం పెట్టిన పిడికెడు అన్నం తన ఇంటికే ఎసరు పెట్టింది. ఇక కాంపౌండులో ఏ పిల్లి ఈనినా అది చుక్కేనని రెడ్డి సామాను బయట పెట్టిస్తాడు. పాపం అంటకుండా చేతులు కడుక్కున్నవాళ్ళు మాత్రం అప్పటికీ ముగ్గులు వేసుకుంటూ చూస్తారు.

డాక్టరమ్మ మిగిలిన వాటిని ఒక్కొక్కటే చూసింది. కూనలు మరీ చిన్నవి, పెద్దవి కూడా పెరుగన్నం తినే వచ్చాయి. చివరికి వేరుశనగల గోతాం విప్పింది. ఎర్ర పిల్లి ఒకటి బయటికి దూకి గుమ్మం వైపు పరిగెత్తి అరవడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ దాన్ని పట్టుకుని కడుపు తడిమి చూసి ముఖం మాడ్చుకుంది.

"ఇది బాలింత. పాలు కారుతాన్నాయి. ఈని మూడు నాలుగు దినాలై ఉంటాది. దీని పిల్లల్ని యాడ పెట్టి తెచ్చినారు? ఇప్పుడే తీస్కపోండి. లేకుంటే అవి రాత్రికి బతకవు."

మహిమ డ్రైవరు వైపు తిరిగింది. "ఇది ఎవురిది ప్రవీణ్?"

ప్రవీణ్ తాళంచెవి తిప్పుకుంటూ గోడ వైపు చూశాడు. "మా రెడ్డిదేనమ్మా. గోడౌనులో ఎలకల కోసరం పెట్టుకున్యాడు. మూడేండ్లుగా ఈనతానే ఉండాది. మెట్ల కింద దొరికినవి కూడా దీనివే. పొద్దున, పనిలో పనిగా దీన్నీ పంపించేయరా అన్యాడు. పిల్లలుండేది ఆయనకూ తెలీదు."

మహిమ కళ్ళు తుడుచుకుంది. ఎర్ర పిల్లిని మళ్ళీ గోతాంలోకి ఎక్కించి మూతి కట్టింది. ఆ వాలకానికే భయపడి ప్రవీణ్ బొలెరోను డోన్ దాకా ఎక్కడా ఆపకుండా తోలాడు.

బండి వీధిలోకి రాగానే జనం మూగారు. మహిమ దిగి, ఎవరి సంచి వాళ్ళ గడప మీద పెట్టింది.

"తిరిగి తెచ్చినావా" అంది తిరుపతమ్మ గుండె మీద చెయ్యేసుకుని.

"నీ పిల్లలు పెద్దమ్మా. పెంచు. పెంచలేకుంటే పుట్టకుండా చూడు. రెండూ చేతకాకుంటే రేపటి నుంచి పాలు పోయొద్దు. ఇంగొక్క సంచి పట్టాలు దాటిందంటే పోలీసు స్టేషన్లో కూర్చుంటా, ఈ వీధి మొత్తం పేర్లు చెప్తా."

ఆ గొంతు విని ఓబుళేశు తన అట్టపెట్టె తనే మోసుకుపోయాడు. మహిమ వేరుశనగల గోతాం ఎత్తుకుని రెడ్డి గుమ్మం ముందు నిలబడింది. రెడ్డి కాఫీ గ్లాసుతో బయటికి వచ్చాడు. ఆమె గోతాం మూతి విప్పింది.

ఎర్ర పిల్లి రెడ్డి కాళ్ళ సందులోంచి లోపలికి దూరింది. హాలు దాటింది, పడకగదిలోకి పోయింది. వెనక రెడ్డి, రెడ్డి వెనక మహిమ, ఆమె వెనక వీధి. ఓరగా తెరిచి ఉన్న బీరువా అడుగు అరలో, ఇస్త్రీ చేసి పేర్చిన తెల్ల చొక్కాల మీద అయిదు కూనలు కళ్ళు తెరవకుండా కదులుతున్నాయి. చొక్కాలు తెల్లగా లేవు. పిల్లి వాటి పక్కన పడుకుని, ఇంతమంది వచ్చి చూస్తున్నా పట్టించుకోకుండా పాలిచ్చింది.

మహిమ రెడ్డి వైపు తిరిగింది.

"ఈ కాంపౌండులో పిల్లి ఈనింది సార్. ఎవురి పిల్లయితే వాళ్ళు ఖాళీ చేయాలన్యారు. మీరెప్పుడు ఖాళీ చేస్తాండారు?"

మొదట నవ్వింది ఓబుళేశు. తర్వాత ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. రెడ్డి కాఫీ గ్లాసు కిటికీలో పెట్టి, పెట్టిన గ్లాసును మళ్ళీ తీసుకుని, "రేపు మాట్లాడదాం టీచరమ్మా" అన్నాడు.

అయితే నరసింహారెడ్డి వ్యాపారస్థుడు, ఊరికే నవ్వులపాలై కూర్చునే రకం కాదు. రెండు వారాల్లో అనంతపురం నుంచి ఒక డాక్టరును పిలిపించి, తన వేరుశనగల గోడౌనులోనే పిల్లులకు ఉచిత ఆపరేషన్ల శిబిరం పెట్టించాడు. మొదటి ఆపరేషన్ చుక్కికి. ఈసారి మహిమ బుట్టను ఒళ్ళో పెట్టుకుని, తిరుపతమ్మను పది గజాల దూరంలో నిలబెట్టింది. ఓబుళేశు పిల్లులూ వచ్చాయి. పెద్దాయన చేయిస్తున్నాడు కాబట్టి అందులో పాపం లేదని తిరుపతమ్మ కూడా ఒప్పుకుంది.

గోడౌను గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఎర్ర పిల్లిని ఎత్తుకుని నవ్వుతున్న రెడ్డి బొమ్మ, కింద "మూగజీవాల ఆత్మబంధువు" అని అరడుగు అక్షరాలు, ఆ కింద శుభాకాంక్షలు తెలిపేవారి ఫోటోలు వరసగా. యేసుప్రసాద్ ఆ చివర నుంచి ఈ చివర దాకా రెండుసార్లు చదివి వచ్చాడు.

"నీ పేరు యాడా లేదే మహిమా?"

అడిగితే ప్రవీణ్ చెప్పాడు, చోటు చాల్లేదట.