నా పన్ను: రెండో దశ

"ఖిదిర్‌పూర్ తెలుగు ప్రజలారా, పంటినొప్పి ఇక చరిత్ర!" అని పెద్దిరాజుగారు మైకులో ప్రకటించారు. ఆయన మా వార్డులో పార్టీ కన్వీనర్, ఈ బెంగాలీ నగరంలో తెలుగువారికి పెద్దదిక్కు. ఆయన పెట్టించిన ఉచిత దంత శిబిరంలో తొలి లబ్ధిదారుణ్ణి నేనే. పేరు సోమయాజులు, రిటైరైన బ్యాంకు ఆఫీసర్ని. పెన్షన్ వస్తున్నా, ఉచితమంటే నోరు తెరవడం నా బలహీనత. రూట్ కెనాల్ అయ్యాక ఫ్లెక్సీ మీద నా నవ్వు నాకంటే పెద్దదిగా వెలిసింది.

డాక్టరు పన్ను లోపల శుభ్రం చేసి, తాత్కాలికంగా సిమెంటు పెట్టి, "పైన క్యాప్ త్వరగా వేయించుకోండి" అన్నాడు.

పెద్దిరాజుగారు అడ్డుపడ్డారు. "క్యాపంటే రెండో దశ, పంతులుగారూ. మంత్రిగారొచ్చి ప్రారంభించాలి. డేటడిగినాం."

మంత్రిగారి పక్కన ఫొటో! నేను మురిసిపోయాను.

వానలు వెళ్లాయి. దుర్గాపూజ పందిళ్లు లేచాయి, దిగాయి. డేటు రాలేదు, నొప్పి వచ్చింది. సిమెంటు ఊడిపోయిందని నాలుకకు తెలుస్తూనే ఉంది. బుగ్గ పూరీలా పొంగింది.

"ఏటండీ ఈ మొండితనం? భవానీపూర్‌లో మంచి డాక్టరున్నాడు, పదండి" అంది మా ఆవిడ జయలక్ష్మి.

"ప్రభుత్వ పంటిమీద ప్రైవేటు చెయ్యి పడకూడదు" అన్నాను. ఆ మాటకు నేనే ముచ్చటపడి, పెద్దిరాజుగారి దగ్గరికి పోయాను.

"నొప్పేటి?" అన్నారాయన. "నూటికి నూరు సక్సెస్సని పైకి రిపోర్టు పంపీసినాం. ఇప్పుడు నొప్పంటే ప్రతిపక్షం మాటలాగుంటాది."

నేను ప్రతిపక్షమా! హడలిపోయి, బుగ్గన లవంగం పెట్టుకుని నవ్వుతూ తిరిగాను.

చివరికి ఓర్చుకోలేక భవానీపూర్ వెళ్లాను. అక్కడి డాక్టరు ఎక్స్‌రే చూశాడు. "అప్పుడే క్యాప్ వేసుంటే బతికేది. వేరు దాకా చీలింది" అని పన్ను పీకేశాడు. ప్రాణం లేచొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఎంతైనా నా సొంత పన్ను.

మర్నాడే మంత్రిగారి డేటు వచ్చింది.

వేదిక వెనక పెద్దిరాజుగారి చెవిలో, "పన్ను లేదండీ" అన్నాను.

"పన్నుతో ఏటి పని? ప్రారంభం క్యాపుకి. నోరు మూసుకుని నవ్వండి."

మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి, వెండి పళ్లెంలోని క్యాపును జనానికి చూపించి, నా జేబులో వేశారు. "బ్యథా ఆఛే?" అని, నొప్పుందా అని, బెంగాలీలో అడిగారు.

"నేయ్ సర్" అన్నాను, లేదని. నిజమే చెప్పాను. చప్పట్లు మోగాయి.

ఆ ఊపులో పెద్దిరాజుగారు కంటి ఆపరేషన్ల శిబిరం ప్రకటించేశారు. తొలి లబ్ధిదారు మళ్లీ నేనేనట. నా కళ్లు రెండూ నిక్షేపంలా ఉన్నాయి. అయినా ఆయనవైపు వంగి మెల్లగా అడిగాను:

"ఫొటోలో ఏ కన్ను బాగా పడుతుందండీ?"